దూది నూగు అనుకున్నాను

తిట్టే డాక్టరమ్మ

బెజవాడలో నాకు రెండు పేర్లుండేవి. ఒకటి హాస్పిటల్ బోర్డు మీద డిగ్రీలతో సహా రాసి ఉండేది. రెండోది తిట్టే డాక్టరమ్మ. బస్టాండులో దిగి రెండో పేరు చెబితేనే రిక్షావాళ్లు తిన్నగా తీసుకొచ్చి మా గేటు ముందు దింపేవారు. ఆ పేరు చెవిన పడినప్పుడల్లా పైకి విసుక్కుని లోలోపల మురిసేదాన్ని. తిట్టే డాక్టరు మంచి డాక్టరని మన జనానికి ఒక నమ్మకం. ఆ నమ్మకం నీడన నేను పాతికేళ్లు బతికాను.

మా తోటికోడలి మనవరాలు ఈ మధ్య కంటివైద్యం పీజీలో చేరింది. మొన్న ఇంటికొచ్చి, మీ అనుభవాలేమైనా చెప్పండి అమ్మమ్మా అని కూర్చుంది. లేజర్ల గురించీ, మడతపెట్టి లోపలికి పంపే లెన్సుల గురించీ ఆ పిల్లకు నాకంటే ఎక్కువ తెలుసు. నేను చేసిన మంచి ఆపరేషన్ల వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు, అవి పుస్తకంలో ఉన్నట్టే జరిగాయి కాబట్టి. ఇక మిగిలింది ఒక కన్ను. ఆ కన్ను సంగతి ఆ పిల్లకు నోటితో చెప్పలేకపోయాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

చీటీ పుట్టిన వైనం

తొంభైల మొదట్లో నేను పనిచేసింది ఒక ట్రస్టు హాస్పిటల్లో. మా పెద్ద డాక్టరుగారిని అందరూ పెద్దాయన అనేవాళ్లు. వారానికి రెండుసార్లు మా వ్యాను దివిసీమ వైపో, గుడివాడ, కైకలూరు వైపో పోయి, శుక్లాలు ముదిరిన వాళ్లను ఎక్కించుకుని వచ్చేది. అప్పటి ఆపరేషను ఇప్పటిలా కాఫీ తాగినంత సేపట్లో అయ్యేది కాదు. నల్లగుడ్డు అంచున పెద్ద కోత కోసి, మసకబారిన కటకాన్ని మొత్తంగా తీసి, లెన్సు పెట్టి, తలవెంట్రుక కంటే సన్నటి దారంతో ఐదారు కుట్లు వేసేవాళ్లం. మూడు నాలుగు రోజులు ఉంచుకుని ఇంటికి పంపేవాళ్లం. ఆ కుట్లతో వాళ్లు ఊరెళ్లి ఏం చేసుకుంటారోనని మాకు గుండెల్లో రాయి పడేది.

కొల్లేరు పక్క ఊరి నుంచి చేపలమ్ముకునే ముసలామె ఒకామె వచ్చింది. ఆపరేషను చక్కగా కుదిరింది. గంపలో రొయ్యను చూసి అది చచ్చిందో బతికుందో చెప్పగలుగుతున్నానని నర్సుల దగ్గర సంబరపడి వెళ్లింది. వారం తిరక్కుండా కంటి నిండా చీముతో వచ్చింది. చలవ చేస్తుందని ఎవరో చెబితే నందివర్ధనం పూలు నలిపి ఆ రసం కంట్లో పిండుకుందట. ఆ కన్ను తీసేయాల్సి వచ్చింది. నేను ఆమెను నోటికొచ్చినట్టు తిట్టి, ఆపరేషన్ థియేటరు వెనక గదిలోకెళ్లి ఏడ్చాను.

ఆ సాయంత్రమే కూర్చుని చీటీ రాశాను. ఇంటికి పంపేటప్పుడు ప్రతి రోగికీ ఇచ్చే చీటీ అది. మందుల పేర్ల కింద నా మాటలు ఇలా ఉండేవి: "ఈ చీటీలో రాసిన మందులు తప్ప మరే మందూ, మరే పసరూ వాడరాదు. వాడితే కన్ను పోతుంది." చివరి మూడు మాటల కింద ఎర్రగీత కొట్టించాను. నర్సు దాన్ని గట్టిగా చదివి, రోగి చేత ఒప్పజెప్పించుకుని మరీ పంపాలని రూలు పెట్టాను.

పసర్లు తగ్గాయి, అబద్ధమెందుకు. చీములతో వచ్చేవాళ్లు బాగా తగ్గారు. పెద్దాయన మీటింగులో నా పేరెత్తి మెచ్చుకున్నారు. ఊళ్లో ఇంకో రెండు హాస్పిటళ్ల వాళ్లు ఆ చీటీని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకున్నారు. నా చదువంతటికీ రాని గర్వం ఆ రెండు వాక్యాలకు వచ్చింది.

ఒంటికన్ను మనిషి

నాగూర్ సాహెబ్‌గారు తొంభైల నడుమ మా దగ్గరికి వచ్చారు. వన్ టౌన్‌లో గోడౌన్ల వెనక సందులో ఆయనకు పరుపులూ దిండ్లూ కుట్టే కొట్టు ఉండేది. తాతల నుంచీ దూదేకే కుటుంబం. కుర్రతనంలో దూదేకే విల్లు నరం తెగి ఎడమ కంటికి కొట్టింది. అప్పటినుంచీ ఆ కంట్లో తెల్లటి పువ్వు. కుడికన్ను ఒక్కదానితో నలభై ఏళ్లు నెట్టుకొచ్చారు. ఇప్పుడు దానికి శుక్లం ముదిరింది. సూదిలో దారం ఎక్కడం లేదని, కుట్టు వంకర పోతోందని ఆయన భార్య మస్తాన్‌బీ పట్టుకొచ్చింది.

ఒంటికన్ను మనిషికి ఆపరేషను చేయాలంటే ఎంతటి డాక్టరుకైనా భయమే. నాకూ భయం వేసింది. ఆ సంగతి కనపడనీయకుండా ఆయన్ని కసిరాను, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని. ఆయన ఓపిగ్గా విని ఒకే మాట అన్నారు.

"ఈ కంటితోనే కుట్టాలండి, ఈ కంటితోనే తినాలండి. మీ ఇష్టం వచ్చినట్టు తిట్టండి గానీ దీన్ని నిలబెట్టండి డాక్టరమ్మగారూ."

ఆపరేషనుకు ముందు మేము అడిగే ప్రశ్నలు రెండే. షుగరుందా, బీపీ ఉందా. ఆయన రెండూ లేవన్నారు. అది నిజం. ఆయనకున్నది గౌటు. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, సన్నటి పలుకులుగా మారి కీళ్లలో పేరుకునే జబ్బు. బొటనవేలు దగ్గర మొదలై మనిషిని మంచం మీద పడేస్తుంది. పటమటలో ఉండే ఒక పెద్ద వయసు ఫిజీషియన్ దగ్గర ఆరేళ్లుగా దానికి రోజుకో బిళ్ల వాడుతున్నారు. వాడుతున్నన్నాళ్లూ నొప్పి లేదు కాబట్టి దాన్నొక జబ్బుగా ఆయన లెక్కలో వేసుకోలేదు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని మేము అడగలేదు.

ఆపరేషను నేనే చేశాను. నా చేతి పనుల్లో మెచ్చుకోదగ్గవి పది చెప్పమంటే అదొకటి. మూడోరోజు కట్టు విప్పితే ఎదురుగోడ మీద గడియారంలో నిమిషాల ముల్లు ఎక్కడుందో చెప్పారు. మస్తాన్‌బీ కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగింది. కంటి ఒత్తిడి మాత్రం కాస్త ఎక్కువ ఉంది. అది తగ్గడానికి రోజుకు మూడు బిళ్లలు రాశాను. దూది మధ్య ఉండొద్దని గట్టిగా చెప్పాను.

ఇంటికి వెళ్లేరోజు నర్సు చీటీ చదివింది. ఆయన బడిపిల్లాడిలా ఒప్పజెప్పారు. "మరి నా కాళ్ల బిళ్ల?" అని అడిగారట. నర్సు ఎర్రగీత మీద వేలు పెట్టి చూపించిందట. ఆమెను ఏమీ అనడానికి లేదు. నేను పెట్టిన రూలునే పాటించింది. నాగూర్ సాహెబ్‌గారు ఆరోజు నుంచీ గౌటు బిళ్ల మానేశారు.

కాళ్ల డాక్టర్ని కాను

దూదికి దూరంగా ఉండాలని ఆయన కొట్టు వదిలి ఇబ్రహీంపట్నంలో చెల్లెలు హుస్సేన్‌బీ ఇంటికి వెళ్లిపోయారు. కొట్టు మూస్తే గడవదు కనుక మస్తాన్‌బీ పొద్దున్నే బస్సెక్కి వన్ టౌన్ వచ్చి, మధ్యాహ్నం దాకా కొట్టు చూసుకుని, తిరిగి వెళ్లేది. పొద్దుటి చుక్కలు చెల్లెలు వేసేది, సాయంత్రం చుక్కలు భార్య వేసేది. ఒక కంటి కోసం రెండు ఇళ్లు కాపలా కాశాయి.

పదిరోజులకు చూపించుకోవడానికి వచ్చారు. ఒత్తిడి ఇంకా దిగలేదు. బిళ్లలు ఇంకో రెండు వారాలు పొడిగించాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, కాలు పొంగిందండీ, చెప్పు పట్టడం లేదు అన్నారు. బయట వరండా నిండా జనం. నేను తలెత్తకుండా అన్న మాట నాకింకా గుర్తుంది.

"నేను కాళ్ల డాక్టర్ని కాను. కన్ను గురించి ఏమైనా ఉంటే చెప్పండి."

కన్ను గురించి ఏమీ లేదండి అని ఆయన వెళ్లిపోయారు. కుంటుతూ వెళ్లారట. నేను చూడలేదు.

కంటి ఒత్తిడి తగ్గించే ఆ బిళ్లకు రక్తంలో యూరిక్ యాసిడ్ పెంచే గుణం ఉంది. ఆ ముక్క నేను పీజీలో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఒకపక్క దాన్ని తగ్గించే బిళ్ల నా చీటీ మాన్పించింది, ఇంకోపక్క దాన్ని పెంచే బిళ్ల నా చెయ్యి రాసింది.

ఇంకో వారానికి కన్ను ఎర్రబడి, నీళ్లు కారుతూ వచ్చారు. ఇసుక పోసినట్టుందన్నారు. కంటిని పెద్దది చేసి చూపే స్లిట్ ల్యాంపు కింద చూశాను. కంటి ముందుండే పారదర్శకమైన పొరను కార్నియా అంటాం. రెప్పలు తెరిచినప్పుడు గాలి తగిలే మేర, దాని పైపొరలో పసుపుపచ్చగా సన్నటి నలుసులు తళతళమంటున్నాయి. పరుపులు కుట్టే మనిషి. నాకు ఇంకో ఆలోచనే రాలేదు. దూది నూగు అనుకున్నాను.

తిట్టాను. ఎంత చెప్పినా వినరు మీరంతా అని మొదలుపెట్టి, నా పేరు నిలబెట్టుకున్నాను. నేను కొట్టు మొహమే చూళ్లేదండీ అని ఆయన మూడుసార్లు చెప్పారు. నేను నమ్మలేదు. మూడోసారి చెప్పినప్పుడు, ఆయన వెనక నిలబడ్డ మస్తాన్‌బీ మీదికి నా కన్ను పోయింది. పొద్దున్న కొట్టులోంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ల దగ్గర తెల్లగా దూది అంటుకుని ఉంది.

"అయితే ఈవిడ చీరతో వచ్చి ఉంటుంది" అన్నాను. "ఆ చీరతోనే ఒంగి చుక్కలు వేస్తున్నారా?"

ఆమె కిందికి చూసుకుంది. ఒక్కొక్క పోగూ ఏరి గుప్పిట్లో పెట్టుకుంది. పక్కనే ఉన్న హుస్సేన్‌బీ వదిన వైపు చూసిన చూపు నాకు కనపడింది. ఎట్టకేలకు దొంగ దొరికాడన్నంత తృప్తి నాకు. ఎవరో ఒకరి తప్పు తేలిపోతే డాక్టరుకు పని తేలిక. మీ కుర్ర డాక్టర్లకు ఈ ఉద్యోగంలో ఎప్పుడైనా అలాంటి తృప్తి కలిగితే ఆగి ఆలోచించండి.

తడిపిన దూది పుల్లతో ఆ నలుసుల్ని తుడిచాను. కొన్ని రాలాయి, కొన్ని రాలేదు. గట్టిగా గీకాను. పైపొర లేచిపోయింది. నాలుగు రోజులకు అక్కడ తెల్లటి పుండు కట్టింది.

నాకు తెలిసిన పుండు

కృష్ణా డెల్టాలో కళ్ల డాక్టర్లకు ఒక జబ్బు ఉంది. వరికోతల రోజుల్లో ఆకు కొసలు తగిలి, వడ్ల పొట్టు పడి, కార్నియా మీద ఫంగస్ పుండ్లతో వందలమంది వస్తారు. చూసీ చూసీ, గుమ్మంలో ఉండగానే మనిషి వాలకం చూసి ఫంగసని చెప్పేయడం మాకు అలవాటు. అలా చెప్పడంలో నేను దిట్టనని పేరు. నాగూర్ సాహెబ్‌గారి పుండు చూసి కూడా ఫంగసన్నాను.

పుండును గీకి, మామూలుగా ఉప్పునీటిలో వేసి ల్యాబుకు పంపాను. ఫంగస్ లేదని వచ్చింది. ల్యాబువాళ్లకు చూడటం రాలేదన్నాను. గంటగంటకూ ఫంగస్ మందు చుక్కలు వేయించాను. ఫంగస్ ఉన్న కంటికే ఆ మందు మంట పుట్టిస్తుంది, లేని కంటికి అది ఒట్టి కారం. లోపలి వాపు తగ్గించే చుక్కలు, ఫంగసుకు పనికిరావని ఆపేశాను. ఒత్తిడి బిళ్లలు మాత్రం కొనసాగించాను. ఆయన్ని వార్డులో చేర్చుకున్నాం. రోజూ పొద్దున్నే స్లిట్ ల్యాంపు స్టాండు మీద గడ్డం ఆనించి కూర్చునేవారు. ఈరోజు గడియారం కనపడుతోందా అని నేను అడగడం మానేశాను.

మస్తాన్‌బీ వార్డులోకి వచ్చేముందు వరండా కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కునేది. చీర మార్చుకుని, పాత చీర సంచిలో మూటకట్టి బయటే పెట్టి వచ్చేది. చుక్కలు తను వేయడం మానేసింది. హుస్సేన్‌బీ వేస్తుంటే తను మంచం కాళ్ల దగ్గర దూరంగా నిలబడేది. నేను అది చూసి, ఇప్పటికైనా బుద్ధి వచ్చింది అనుకున్నాను. అనుకోవడం కాదు, నర్సుతో అన్నాను కూడా.

చెవి

వార్డులో చేరిన ఎనిమిదో రోజున ఆయనకు జ్వరం, రెండు మోకాళ్లూ కుడిచేతి వేళ్లూ వాచి కదలలేని స్థితి. ఇక ఫిజీషియన్ని పిలవక తప్పలేదు. హుస్సేన్‌బీ మా అన్నయ్య డాక్టరు ఈయనేనండీ అని పటమట డాక్టరుగారి పేరు చెప్పింది. కబురు పెడితే పెద్దవయసులో కూడా స్కూటరేసుకుని వచ్చారు. ఆయన నెమ్మదైన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. రోగిని అరనిమిషం చూసి నన్ను దగ్గరికి పిలిచారు.

"రోజూ ఈయన మొహంలో మొహం పెట్టి చూస్తున్నావు కదమ్మా. ఈ చెవి చూశావా?"

కుడిచెవి అంచున కందిగింజంత తెల్లటి గడ్డ. యూరిక్ యాసిడ్ పేరుకుని చర్మం కింద కట్టిన సున్నం లాంటి గడ్డ. గౌటు ఉన్నదని ఊరందరికీ చెప్పే గుర్తు. స్లిట్ ల్యాంపు దగ్గర నా ముక్కుకు ఆ చెవి జానెడు దూరం. నెలరోజులుగా ఆయన్ని చూశాను, చెవి చూడలేదు.

బిళ్ల ఎందుకు మానేశావని ఆయన అడిగితే, నాగూర్ సాహెబ్‌గారు దిండు కింద నుంచి నా చీటీ తీసిచ్చారు. నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నారు. డాక్టరుగారు చదివి, మడిచి, నా చేతికిచ్చారు. ఆ తిట్టని మనిషి ముందు నేను తల ఎత్తలేకపోయాను.

రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ ఉండాల్సిన దానికి రెట్టింపు దాటి ఉంది. ఆయన సలహా మీద మళ్లీ పైపొర గీకి, ఈసారి నీళ్లు తగలకుండా స్పిరిట్లో వేసి పంపాను. ఆ పలుకులు నీళ్లలో కరిగిపోతాయట. మొదటిసారి నేనే వాటిని కరిగించి ఖాళీ సీసా ల్యాబుకు పంపానన్నమాట. ఈసారి సూదుల్లాంటి పలుకులు కనపడ్డాయి. నూగు కాదు. ఆయన రక్తంలోంచి వచ్చి కార్నియాలో పేరుకున్న యూరిక్ యాసిడ్.

గౌటు కార్నియా దాకా రావడం చాలా అరుదు. పుస్తకంలో దానికి రెండు వాక్యాలుంటే ఎక్కువ. ఎర్రబడటం, గరగరలాడటం వరకే చాలామందిలో. జబ్బును అదుపులో పెడితే కన్ను తేరుకునే అవకాశం చాలావరకు ఉంటుంది. ఈ కంటికి అప్పటికే పెద్ద కోత, కుట్లు ఉన్నాయి. దానిమీద నేను గీకాను, దానిమీద కారం లాంటి మందు పోశాను. ఒత్తిడి బిళ్ల ఆపి, గౌటు బిళ్ల, వాపు మందు మొదలుపెట్టేసరికి పుండు మానింది గానీ కార్నియా మొత్తం తెల్లబడింది. ఎడమకంట్లో ఉన్నట్టే ఇందులోనూ పువ్వు. హైదరాబాదు పంపి చూపించాం. రక్తనాళాలు లోపలిదాకా పాకాయి, కొత్త కార్నియా వేసినా నిలవదన్నారు. ఆయనకిక వెలుగు, చీకటి మాత్రమే తెలుస్తాయి.

పెద్దాయన మాట

నిజం రోగికి చెప్పేస్తానని పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డమనిషి కాదు. నాకు కత్తి పట్టడం నేర్పింది ఆయనే. చీటీని బల్లమీద పెట్టుకుని చాలాసేపు చూశారు. ఇందులో తప్పుందని బయటికొస్తే రేపు ఊళ్లలో దీన్ని ఎవడూ నమ్మడు, మళ్లీ పసర్లు పోసుకుంటారు, ఒక కంటికోసం నూరు కళ్లు పోతాయి అన్నారు. చీటీ దిద్దుకో, నోరు మూసుకో అన్నారు.

చీటీ దిద్దాను. పాత జబ్బులకు వాడే మందులు మానవద్దని, ఏవి వాడుతున్నారో డాక్టరుకు చెప్పాలని కొత్త వాక్యం చేర్చాను. షుగరు, బీపీల పక్కన, ఇంకేం మందులు వాడుతున్నారని మూడో ప్రశ్న పెట్టాను. నోరు కూడా మూసుకున్నాను. పెద్దాయన మాట కాదనలేక మూసుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన వద్దనడం నాకు హాయిగా ఉంది.

పంపించేరోజున నాగూర్ సాహెబ్‌గారికి కాళ్ల బిళ్ల మళ్లీ మొదలుపెట్టమని మాత్రం చెప్పాను. ఎందుకో చెప్పలేదు. మస్తాన్‌బీ నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, నా వల్లే కదండీ అంది. అడగడం కూడా కాదు, ఒప్పుకోవడం. కాదని చెప్పడానికి నాకు ఒక్క క్షణం చాలు. ఇప్పుడు అవన్నీ అనుకుని ఏం లాభం అన్నాను.

హస్తవాసి

రెండేళ్లు గడిచాయి. బందరు వైపు సముద్రపు ఊరి నుంచి ఎండుచేపల వ్యాపారి ఒకాయన శుక్లానికి వచ్చాడు. మూడో ప్రశ్నకు, గౌటు బిళ్ల వాడుతున్నానండి అన్నాడు. మాననివ్వలేదు. ముందే రక్తం చూపించాను, పటమట డాక్టరుగారితో మాట్లాడాను, ఒత్తిడికి వేరే మందు వేశాను. రెండోవారం కన్ను కొంచెం ఎర్రబడితే దూది పుల్ల ముట్టుకోకుండా మళ్లీ రక్తం చూశాను. కార్నియా అద్దంలా నిలిచింది.

చివరిసారి వచ్చినప్పుడు ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. మీ హస్తవాసి మంచిదండి, మా వాళ్లందరినీ మీ దగ్గరికే పంపుతాం అంది. ఆ చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది. ఆ ఆడమనిషి సంతోషం చూస్తుంటే, కొళాయి దగ్గర మోచేతులు రుద్దుకుంటున్న మస్తాన్‌బీయే కళ్లముందు. ఆ ఆదివారం పెద్దాయనకు చెప్పకుండా వన్ టౌన్ వెళ్లాను.

వన్ టౌన్

కొట్టు తెరిచే ఉంది. ఎవరో కొత్తమనిషి మిషను మీద దిండు గలేబులు కుడుతున్నాడు. నాగూర్ సాహెబ్‌గారు గోడకానుకుని కూర్చుని, బూరుగు దూదిని చేత్తో తడుముతూ గింజలు ఏరుతున్నారు. నా గొంతు వినగానే గుర్తుపట్టి లేవబోయారు. హుస్సేన్‌బీ లోపల్నుంచి స్టూలు తెచ్చి వేసింది. ఆమె ఇక్కడెందుకుందా అనుకున్నాను. మస్తాన్‌బీగారు ఏరని అడిగాను.

పోయిన రంజాను ముందు పోయిందట. కామెర్లు. మూడు వారాలు మంచంలో ఉందట.

అక్కడితో ఊరుకుని, పరామర్శించి లేచి రావచ్చు. నా స్వభావానికి అదే తేలిక. స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. చీటీ నేను రాసిందని, బిళ్ల మాన్పించింది ఆ చీటీ అని, నేను రాసిన ఇంకో బిళ్ల జబ్బును రేపిందని, కంట్లో ఉన్నది దూది కాదని, గీకింది నేనని. రెండేళ్ల క్రితం వార్డులో ఉండగానే నాకిది తెలుసని కూడా చెప్పాను. అది చెప్పడం అన్నిటికంటే కష్టమైంది.

ఆయన చేతులు దూదిలో ఆగిపోయాయి. తిడతారేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను.

"దూది కాదాండీ?" అన్నారు.

"కాదండి."

"దాని చీర మీదది కాదు."

"కాదండి. ఆమెకు దీంతో ఏ సంబంధమూ లేదు."

ఆయన చెల్లెల్ని పిలిచారు. ఇటొచ్చి కూర్చో, డాక్టరమ్మగారు చెప్పేది విను అన్నారు. నాకేసి తిరిగి, ఇంకోసారి చెప్పండి, మా చెల్లెలు వినాలి అన్నారు. కుడుతున్న మనిషి మిషను ఆపాడు. నేను మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. సగం చెప్పేసరికి హుస్సేన్‌బీ పైట మొహం మీదికి లాక్కుంది. మా వదినను ఇంట్లో వంటపాత్ర ముట్టనివ్వలేదండీ, పిల్లల దగ్గరికి రానివ్వలేదండీ, అన్నయ్య కళ్లు మింగావని మొహం మీదే అన్నానండీ అని నాకు వినపడీ వినపడనట్టు చెప్పుకుంది. చివరి రోజుల్లో కూడా నీళ్ల గ్లాసు ఆయనకు అందించాలంటే చేతులు కడుక్కుని వచ్చేదట, మంచం మీంచి లేవడానికే ఓపిక లేని మనిషి.

నేను లేచాను. క్షమించమన్నాను. మెట్టు దిగుతుంటే నాగూర్ సాహెబ్‌గారు పిలిచారు. మొహం నేనున్న వైపు కాకుండా కాస్త పక్కకు పెట్టి మాట్లాడారు.

"దాన్ని మావాళ్లంతా అంటుంటే నేను అడ్డం పడేవాణ్ణండి. నాకు దూది నూగు సంగతి తెలుసు, యాభై ఏళ్లు దాంట్లోనే బతికినవాణ్ణి. అది అలా అంటుకోదు, అలా గుచ్చుకోదు. కానీ మీరు చెప్పారు కదా, చదువుకున్నోరు. ఒకరోజు చుక్కలు మండుతుంటే, నేనూ అన్నానండి. ఒక్కసారే."

దూదిలోంచి చేతులు తీసి, మళ్లీ అన్నారు.

"అది ఆ మాటకు ఏం బదులు చెప్పలేదండి. కాదనుంటే బాగుండేది."

నేను అక్కడే నిలబడిపోయాను. ఆయన గింజలు ఏరడం మళ్లీ మొదలుపెట్టారు. కొంతసేపటికి హుస్సేన్‌బీ వచ్చి, ఇక వెళ్లండమ్మా అంది.